రాయి నేర్పిన పొదుపు

ఫ్రెంచి విప్లవం నడుస్తున్న రోజుల్లో, 1791లో, అక్కడి పాలకులు ఒక నియమం పెట్టారు. తెల్ల కాగితం మీద అచ్చయిన నోటీసు గోడకెక్కిందంటే అది ప్రభుత్వానిదే అయివుండాలి. నాటకాల కంపెనీ, బట్టల కొట్టు, వేలంపాట పెట్టేవాడు, అందరూ రంగు కాగితం వాడుకోవలసిందే. సర్కారు మాటేదో బజారు మాటేదో జనానికి దూరం నుంచే తెలియాలని ఆ ఏర్పాటు. 1881లో పత్రికా స్వేచ్ఛ చట్టం వచ్చినప్పుడు కూడా ఈ నియమాన్ని కదిలించలేదు. అలా వ్యాపార ప్రకటనకు రంగు మొదట చట్టం తొడిగిన గుర్తుగా వచ్చింది. అందం సంగతి చాలా తర్వాత.

అప్పటి గోడపత్రికల్లో బొమ్మ తక్కువ. పసుపు, గులాబి, ఆకుపచ్చ కాగితాల మీద నల్లటి అక్షరాలు కిక్కిరిసి ఉండేవి. చెప్పాల్సిందంతా ఒక్క కాగితం మీదే చెప్పేయాలన్న ఆరాటంతో పైనుంచి కిందదాకా అచ్చు అక్షరాలు పేర్చేవాళ్లు. ఆ రద్దీలోంచి ఒక్క మనిషి, మూడు నాలుగు రంగులు, రెండు మాటలు మాత్రమే మిగిలిన పోస్టరు ఎలా పుట్టిందన్నదే నేను చెప్పదలిచిన కథ. ఇందులో ప్రతి మలుపు దగ్గరా చిత్రకారుడు కొత్తగా చేర్చినదాని కన్నా తీసేసిందే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. తీసేయమని వాళ్లకు మొదట నేర్పింది ఒక రాయి.

అలాయ్స్ జెనెఫెల్డర్ మ్యూనిక్‌లో నాటకాలు రాసుకునే యువకుడు. తండ్రి నటుడు. ఆయన పోయాక కుటుంబం ఇబ్బందుల్లో పడింది. రాసిన నాటకాలను అచ్చు వేయించుకుందామంటే ప్రెస్సు ఖర్చు భరించే స్తోమత లేదు. సొంతంగా అచ్చు వేసుకునే దారి వెతుకుతూ రాగిరేకు మీద అక్షరాలు తిరగేసి రాయడం సాధన చేశాడు. రాగి ఖరీదెక్కువ, బవేరియాలో దొరికే నునుపైన సున్నపురాయి చవక. సాధనకు ఆ రాయి పనికొచ్చింది. 1796లో ఒకరోజు చాకలికి వేసే బట్టల పద్దు రాయమని తల్లి అడిగితే, చేతికి కాగితం అందక, మైనం, సబ్బు, మసి కలిపి చేసుకున్న సిరాతో ఆ రాతి మీదే రాశాడు. ఈ ముచ్చట ఆయనే తర్వాత తన పుస్తకంలో చెప్పుకున్నాడు. చెరిపేసే ముందు, దీని మీద ఆమ్లం పోస్తే ఏమవుతుందో చూద్దామనిపించింది. అక్కడ మొదలైన ప్రయోగాలు 1798 నాటికి అసలు కిటుకు దగ్గరికి చేర్చాయి.

ఆ సున్నపురాయి నీటినీ పీల్చుకుంటుంది, జిడ్డునూ పట్టుకుంటుంది. జిడ్డు సుద్దతో బొమ్మ గీసి, జిగురు కలిపిన పలచటి ఆమ్లం పూసి, ఆపైన రాతిని తడిపితే గీత లేనిచోట నీరు నిలుస్తుంది. అప్పుడు సిరా రోలరు దొర్లిస్తే జిడ్డు సిరా గీతకే అంటుకుంటుంది, తడి ఉన్న చోటికి పోదు. రాతిలో గుంట లేదు, గట్టు లేదు. నూనెకూ నీటికీ పడకపోవడం మీదే మొత్తం ముద్రణ ఆధారపడింది. దీనివల్ల చిత్రకారుడికి దక్కిన స్వేచ్ఛ అంతా ఇంతా కాదు. చెక్కేవాడు మధ్యలో అక్కర్లేదు. చేతి గీత ఎలా ఉందో కాగితం మీద అలాగే దిగుతుంది. బొమ్మ, అక్షరం ఒకే చేతితో, ఒకే రాతి మీద గీయవచ్చు. కాకపోతే అన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి గీయాలి.

రంగు దగ్గరికొచ్చేసరికి రాయి బెట్టు చేసింది. 1837లో గొడెఫ్రా ఎంగెల్‌మాన్ రంగుల రాతి అచ్చుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి. అదే కాగితం అన్ని రాళ్ల మీదా వరసగా పడాలి. ఒక రంగు పక్క రంగు మీద వెంట్రుకవాసి తప్పకుండా కూర్చోవాలి. నూనె రంగుల చిత్రాన్ని అచ్చుగుద్దినట్టు దించాలంటే పది, పదిహేను, అంతకు మించి కూడా రాళ్లు పట్టేవి. చిన్న బొమ్మకైతే సరే. మనిషి ఛాతీ ఎత్తు పోస్టరుకు సరిపడే రాయి రెండొందల కిలోలు దాటుతుంది. అలాంటి రాళ్లు పదిహేను వాడితే, నాలుగు వారాలు గోడ మీదుండి వానకు చిరిగిపోయే కాగితానికి ఏ వర్తకుడు డబ్బు పెడతాడు?

ఈ లెక్క తేల్చినవాడు జూల్ షెరె. 1836లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటరు. బీద ఇల్లు. పదమూడేళ్లకే రాతి అచ్చు పనిలో చేరాడు. పగలు పని, తీరిక దొరికితే డ్రాయింగు తరగతి, లూవ్ర్ మ్యూజియంలో పాత చిత్రాలు. వాతో, ఫ్రాగొనార్ గీసిన పండగ వాతావరణపు చిత్రాలంటే ఆయనకు ప్రాణం. 1858లో ఒఫెన్‌బాక్ సంగీత నాటకానికి ఒక పోస్టరు వేసే అవకాశం వచ్చింది, పేరొచ్చింది, ఆ వెంట మరో పని రాలేదు. మరుసటి ఏడు లండన్ వెళ్లిపోయాడు. అక్కడి సర్కసులకు, నాటకశాలలకు, మ్యూజిక్ హాళ్లకు పోస్టర్లు వేశాడు. పెద్ద రాళ్లను నడిపే ఇంగ్లీషు యంత్రాలను దగ్గరగా చూశాడు. యూజీన్ రిమెల్ అనే అత్తరు వ్యాపారి ఆయన చేతిలోని పనిని గుర్తించి తన సెంటు సీసాల లేబుళ్లు గీయించాడు, ఇటలీ తీసుకెళ్లి చూపించాడు, చివరికి సొంత ప్రెస్సుకు పెట్టుబడి కూడా పెట్టాడు. 1866లో షెరె పారిస్ తిరిగొచ్చి ఇంగ్లీషు యంత్రాలతో ప్రెస్సు తెరిచాడు. ముద్రణాలయం యజమానీ, రాతి మీద బొమ్మ గీసేవాడూ ఒకే మనిషి కావడం ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి అని నా నమ్మకం. ఏ గీతకు ఎంత ఖర్చో ఆయనకు వేళ్ల మీద తెలుసు.

రాళ్ల సంఖ్యను ఆయన మూడు నాలుగుకు దించేశాడు. 1869 ప్రాంతంలో కుదిరిన పద్ధతి ఇది: ఒక రాయి మీద నల్ల గీతతో బొమ్మంతా, రెండో రాయి మీద ఎరుపు, మూడోది నేపథ్యానికి. ఆ మూడో రాయిలోనే ఆయన నేర్పు ఉంది. దాని మీద ఒకే సిరా పూయకుండా పైభాగాన నీలం, కిందిభాగాన నారింజ లాంటి వెచ్చని రంగు పూసి, మధ్యలో రెండూ కలిసిపోయేలా చేశాడు. ఒక్క దెబ్బతో ఆకాశపు చల్లదనం నుంచి రంగస్థల దీపాల వేడి దాకా కాగితం మీదికి వచ్చేది. పైగా ఆ సిరాలు పారదర్శకం. పసుపు మీద ఎరుపు పడితే నారింజ, పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. రాళ్లు కొన్నే, కంటికి కనిపించే రంగులు అంతకు రెట్టింపు.

మధ్యఛాయలకు వేరే ఉపాయం దొరికింది. కుంచెను జిడ్డు సిరాలో ముంచి, రాతి మీద తుంపరలుగా చిలకరించడం. వాకిట్లో కళ్లాపి చల్లినప్పుడు చేయి విసురును బట్టి చుక్కలు ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా పడినట్టే, ఆ రాతి మీద నీడలు పడేవి. దగ్గర నుంచి చూస్తే చుక్కలు విడివిడిగా ఉంటాయి. వీధి అవతలి నుంచి చూస్తే బుగ్గ మీద మెరుపవుతుంది, గౌను మడతవుతుంది. కొన్నేళ్లకు నల్ల గీతనూ పక్కకు నెట్టి దాని స్థానంలో ముదురు నీలం వాడసాగాడు. నలుపు పోయేసరికి బొమ్మకు బరువు తగ్గిపోయింది. ఆయన గీసిన అమ్మాయిలు నేల మీద నిలబడరు. పసుపు, ఎరుపు గౌన్లలో గాలిలో తేలుతూ, కాగితం ఒక మూల నుంచి మరో మూలకు ఏటవాలుగా, చూసేవాడి మీదికే వస్తున్నట్టుంటారు. నేల గీయకపోవడం వల్ల నీడ గీసే పని తప్పింది, గది గీసే పని తప్పింది. పేరు, ఊరు, ధర చెప్పే అక్షరాలకు చోటు మిగిలింది. చాలా ఏళ్లు ఆ అక్షరాలు కూర్చింది మదారె అనే సహచరుడు. బొమ్మ వంపుకు తగ్గట్టు అక్షరాలు వంగడం ఆ పోస్టర్లలో చూడాలి.

ఆయన వేసిన వాటిలో సాక్సొలీన్ అనే దీపపు నూనె పోస్టర్లు నాకు మరీ ఇష్టం. నూనెను ఎలా చూపిస్తారు? డబ్బా గీస్తే ఎవరు చూస్తారు? షెరె నూనెను వదిలేసి వెలుగును గీశాడు. ఒక స్త్రీ దీపం మీదికి వంగి ఉంటుంది, దీపం మీద పెద్ద రంగుల గొడుగు, దాని కాంతి ఆమె ముఖం మీద, చేతుల మీద. ఒకే సరుకుకు పలుమార్లు పోస్టరు వేయాల్సి వస్తే మనిషి నిలుచున్న తీరు, గొడుగు రంగు, గౌను రంగు మార్చాడు, వెలుగును మాత్రం మార్చలేదు. 1893లో లోయీ ఫుల్లర్ నాట్యానికి వేసిన పోస్టరులో ఇంకో అడుగు వేశాడు. ఆ నర్తకి రంగు రంగుల విద్యుద్దీపాల కింద పట్టు వలువలు తిప్పుతూ ఆడేది. అందుకని బొమ్మ అదే ఉంచి సిరాలు మార్చి వేరువేరు రంగుల్లో ముద్రించారు. నాట్యంలో దీపం మారినట్టు గోడ మీద రంగు మారింది.

ఇదంతా జరుగుతున్న ఊరు కూడా మారుతోంది. నగర పాలనాధికారి హౌస్‌మాన్ పాత సందులు కొట్టించి వెడల్పాటి రోడ్లు వేయించాడు. కొత్త కట్టడాల చుట్టూ చెక్క దడులు, నాటకాల పోస్టర్ల కోసం 1868 నుంచి గుండ్రటి స్తంభాలు. గుండ్రటి స్తంభం మీద పోస్టరు అంతా ఒకేసారి కనిపించదు. నడిచేవాడికి మధ్యభాగమే కంటికి ఆనుతుంది, అందుకే మధ్యలో ఒక్క పెద్ద మనిషి ఉండటం పనికొచ్చింది. మొదట చెప్పిన పత్రికా స్వేచ్ఛ చట్టం, అంటే 1881 జూలై 29 చట్టంతో ప్రకటనలు అంటించడానికి పాత ఆంక్షలు చాలామటుకు పోయాయి. అంటించకూడని గోడల మీద మాత్రం ఆ చట్టం తేదీతో సహా హెచ్చరిక రాయసాగారు. ఫ్రాన్స్ పాత గోడల మీద ఇప్పటికీ ఆ రాతలు కనిపిస్తాయి. షెరె జీవితంలో వెయ్యికి పైగా పోస్టర్లు వేశాడు. ముద్రణ పరిశ్రమలోకి కళను తెచ్చినందుకు 1890లో ప్రభుత్వం లెజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. చుక్కలతో చిత్రాలు వేసిన సరా ఆయన పోస్టర్లను సేకరించుకున్నాడు. రాత్రిపూట బంక ఆరకముందే గోడల మీంచి పోస్టర్లు ఊడదీసుకుపోయే అభిమానులు తయారయ్యారు. వాళ్ల కోసమే 1895 నుంచి 1900 దాకా చిన్న సైజులో 256 పోస్టర్లను నెలనెలా అచ్చువేసి అమ్మారు. అసలు రాళ్లు మాత్రం మిగల్లేదు. పని అవగానే ఇసుక, నీళ్లు పోసి బొమ్మను అరగదీసి, అదే రాతి మీద ఇంకో బొమ్మ గీయడం ఆ ప్రెస్సుల రివాజు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన దేశంలోనూ ఇలాంటి రాళ్లు పనిచేస్తున్నాయి. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టి జర్మన్ నిపుణులతో లక్ష్మి, సరస్వతి పటాలు అచ్చువేయించాడు. మన తెలుగు ఇళ్లలో తాతల కాలం నుంచి గోడకున్న పటాలు ఆ దారిలో వచ్చినవే. అక్కడ రాళ్లను పొదుపు చేయలేదు. చీర జరీ, చెంప మీద నీడ, నీటి మీద తామర, అన్నిటికీ వేరువేరు రాళ్లు వాడి నూనె రంగుల చిత్రాన్ని యథాతథంగా దించాలని చూశారు. అదీ న్యాయమే. పూజగదిలో పటం ముందు మనిషి కూర్చుంటాడు, రోజూ చూస్తాడు, ప్రతి ఆభరణాన్నీ చూస్తాడు. పారిస్ వీధిలో మనిషి నడిచిపోతాడు. చూపు నిలిచే వ్యవధి ఎంతో తెలిస్తే ఎన్ని రాళ్లు కావాలో తెలుస్తుంది.

1891లో మూలాఁ రూజ్ నాట్యశాల తన కొత్త పోస్టరును ఇరవై ఆరేళ్ల తులూజ్-లోత్రెక్‌కు అప్పగించింది. అంతకు రెండేళ్ల ముందు అదే శాలకు షెరె పోస్టరు వేశాడు. లోత్రెక్‌కు ఇది మొదటి పోస్టరు. జపాన్ చెక్క అచ్చు బొమ్మలను ఆ తరం చిత్రకారులంతా కళ్లప్పగించి చూస్తున్న కాలం అది. 1890లో పారిస్ లలితకళల కళాశాలలో వాటి పెద్ద ప్రదర్శన జరిగింది. ఆ బొమ్మల్లో నీడ ఉండదు. రంగు ఒకే చదునుగా, అంచు దాకా నిండి ఉంటుంది. దగ్గరున్న వస్తువును చట్రం సగానికి కోసేస్తుంది. లోత్రెక్ ఇవన్నీ రాతి మీదికి తెచ్చాడు. పసుపు, ఎరుపు, నీలం, నలుపు చాలాయి. షెరె నలుపును తీసేస్తే ఈయన మళ్లీ తెచ్చాడు, కానీ గీతగా తేలేదు, పెద్ద ముద్దగా తెచ్చాడు. వెనకాల నిలబడ్డ జనమంతా టోపీలతో సహా ఒకే నల్లటి వరస. ముందు వాలాఁతాఁ అనే సన్నటి నర్తకుడు బూడిద రంగు నీడలా, కింది అంచు దగ్గర తెగిపోయి ఉంటాడు. ఆ వరసకూ అతనికీ మధ్య గులూ అనే నర్తకి కాలెత్తి తిరుగుతోంది. ఎర్ర మేజోళ్లు, చుక్కల రవిక. ఆమె లంగా? అక్కడ రంగే లేదు. ఉత్త కాగితం, చుట్టూ కొద్దిపాటి గీతలు. బొమ్మలో అందరికన్నా ముందు కంటికి ఆనేది ఆ ఖాళీ. దీపాలను విడిగా గీయకుండా ఒకదానికొకటి అంటుకున్న పసుపు ముద్దలుగా వదిలేశాడు. సుమారు 3000 ప్రతులు పారిస్ గోడలెక్కాక లోత్రెక్ పేరు తెలియనివాడు లేకుండా పోయాడు.

మరుసటి ఏడు పాటగాడు అరిస్టీడ్ బ్రుయాఁ కోసం వేసిన పోస్టరులో ఇంకా తీసేశాడు. నల్లటి పెద్ద అంగీ, ఎర్ర ఉత్తరీయం, టోపీ కింద సగం ముఖం. అంగీ మీద మడతలు దాదాపు లేవు. ఆయన పాడబోయే శాల యజమానికి అది నచ్చలేదు. ఆ పోస్టరు వేలాడదీయకపోతే వేదిక ఎక్కనని పాటగాడు పట్టుబట్టాడని చెబుతారు. ఆయన పంతం నెగ్గింది.

ఇంకా బొమ్మలో చోటు, సందర్భం మిగిలే ఉన్నాయి. నాట్యశాల పోస్టరులో నాట్యశాల ఉంది, దీపం పోస్టరులో దీపం ఉంది. ఆ ముడి విప్పినవాడు లియోనెట్టో కాపియెల్లో. ఇటలీలోని లివోర్నోలో 1875లో పుట్టి, 1898లో పారిస్ వచ్చి, నటీనటుల వ్యంగ్యచిత్రాలతో పేరు తెచ్చుకున్నాడు. వ్యంగ్యచిత్రం గీసేవాడికి ముఖంలో ఏ ఒక్క గీత ఉంచాలో తెలుస్తుంది. 1903లో స్విట్జర్లాండుకు చెందిన క్లౌస్ చాక్లెట్ కోసం ఆయన వేసిన పోస్టరు చూడండి. నేపథ్యం మొత్తం నలుపు. అందులో ముందరి కాళ్లెత్తిన ఎర్ర గుర్రం, దాని మీద ఆకుపచ్చ గౌనులో ఒక స్త్రీ. పసుపు అక్షరాలు. చాక్లెట్ ముక్క లేదు, కప్పు లేదు, తింటున్న పిల్లవాడు లేడు. గుర్రానికీ చాక్లెట్‌కూ ఏ సంబంధమూ లేదు. అయినా జనం కొట్లకు వెళ్లి ఎర్ర గుర్రం చాక్లెట్ ఇమ్మని అడిగేవారట.

ఆ రంగుల ఎంపిక వెనక చాలా పాత పాఠం ఉంది. మిషెల్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త పారిస్‌లోని గోబ్లాఁ తివాచీల కర్మాగారంలో అద్దకం విభాగానికి అధిపతి. నల్ల దారానికి రంగు సరిగా పట్టడం లేదని నేతగాళ్లు ఫిర్యాదు చేశారు. పరీక్షిస్తే దారం బాగానే ఉంది. పక్కనున్న నీలం, ఊదా దారాల వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. ఏ రంగైనా పక్క రంగును బట్టే కనిపిస్తుందని, ఎరుపు పక్కన ఆకుపచ్చ, నీలం పక్కన నారింజ పెడితే రెండూ మరింత చురుగ్గా వెలుగుతాయని ఆయన 1839లో పెద్ద గ్రంథమే రాశాడు. గౌను ఆకుపచ్చ కావడం వల్ల కాపియెల్లో గుర్రం ఎరుపు మండుతుంది. చుట్టూ నలుపు ఉండటం వల్ల ఆ రెండూ గోడ మీంచి దూకుతాయి. 1906లో మౌరాఁ కీనా పానీయానికి వేసిన పోస్టరులో నల్లటి నేపథ్యం మీద ఒక ఆకుపచ్చ దెయ్యం సీసా మూత తీస్తుంది, 1910లో సిన్జానో పానీయం కోసం జీబ్రా. బొమ్మ గీయబోయే ముందు కాగితం మీద సాగే ఒకే ఒక ప్రధాన వంపు రేఖను పట్టుకోవాలని, మిగతాదంతా దాని మీద నిలవాలని ఆయన పద్ధతి. వీధుల్లో మోటారు కార్లు తిరుగుతున్న కాలం, చదివే తీరిక నడిచేవాడికి ఉన్నంత కారులో పోయేవాడికి లేదు. ఆ రేఖ చదవక్కర్లేకుండానే అందుతుంది.

అవే రోజుల్లో బెర్లిన్‌లో లూసియన్ బెర్న్‌హార్డ్ అనే కుర్రవాడు ప్రీస్టర్ అగ్గిపుల్లల పోస్టరు పోటీకి బొమ్మ గీశాడు. ముందు బల్ల, దాని మీద బూడిద గిన్నె, చుట్ట, చుట్ట పొగలో నాట్యమాడే అమ్మాయిలు, పక్కన అగ్గిపుల్లలు. చూసిన స్నేహితుడు ఇది చుట్టల ప్రకటనా అని అడిగాడట. అమ్మాయిలను చెరిపేశాడు. తర్వాత చుట్టను, గిన్నెను, చివరికి బల్లను. ముదురు గోధుమరంగు నేపథ్యం మీద పసుపు తలలున్న రెండు ఎర్ర పుల్లలు, పైన నీలి అక్షరాల్లో కంపెనీ పేరు మిగిలాయి. న్యాయనిర్ణేతలు పక్కన పారేసిన దాన్ని ఎర్నెస్ట్ గ్రోవాల్డ్ అనే ముద్రణ వ్యాపారి తీసి బహుమతి ఇప్పించాడని చెబుతారు. కాపియెల్లో వస్తువును వదిలి కల్పనను ఉంచుకున్నాడు, బెర్న్‌హార్డ్ కల్పనను వదిలి వస్తువును ఉంచుకున్నాడు. ఆపైన వచ్చిన ప్రకటన బొమ్మలు చాలామటుకు ఈ రెంటిలో ఏదో ఒక దారి పట్టినవే.

ఈ వరసలో 1932 నాటి దుబొనె పానీయం పోస్టరు మరో మెట్టు. గీసింది కసాండ్ర్, 1901లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడినవాడు. మూడు బొమ్మలు పక్కపక్కన. టోపీ పెట్టుకున్న ఒకే మనిషి బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు. మొదటి దానిలో గ్లాసు వంక చూస్తున్నాడు. మనిషి చాలావరకు ఉత్త గీతే, గ్లాసు పట్టుకున్న చేతి వరకే రంగు. రెండో దానిలో తాగుతున్నాడు, రంగు ఛాతీ దాకా దిగింది. మూడోదానిలో మళ్లీ పోసుకుంటున్నాడు, మనిషి నిండా రంగు. కింద పేరు కూడా అంతే, మొదట నాలుగు అక్షరాలు నిండి, తర్వాత ఐదు, చివరికి మొత్తం. రైలు కిటికీలోంచో, కారులోంచో చూసేవాడికి మూడు బొమ్మలూ ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందు నుంచి పోతాయి. గ్లాసు ఖాళీ అవుతుంటే మనిషి నిండుతాడు. రంగు ఎంతవరకు వేయాలి, ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయంతోనే కసాండ్ర్ ఆ మూడు బొమ్మల్లో కాలాన్ని నడిపించాడు.